బ్రిటిష్ నౌకాధికారుల ఖడ్గములు – వాటి యజమానుల ఉద్యోగ చరిత్ర

పొలము దున్నుచుండగా తామ్రశాసనమొకటి దొరికినచో చరిత్రకారుడు అందు వ్రాసినదంతయు వెంటనే నమ్మడు. లిపి ఏ కాలమునాటిది, అందు పేర్కొనబడిన రాజు ఆ సంవత్సరమున నిజముగా పాలించుచుండెనా, దానమిచ్చిన గ్రామము ఎక్కడ ఉన్నది అని ఇతరమైన ఆధారములతో పోల్చి చూచును. కొన్ని శాసనములు తరువాతివారు పుట్టించిన కూటశాసనములని తేలుటయు కలదు. ఇంగ్లండులో పాత నౌకాధికారుల ఖడ్గములను పరిశీలించు పండితులు చేయు పని కూడ ఇటువంటిదే. ఒక ఖడ్గము చేతికి వచ్చినప్పుడు అది ఏ కాలపుది, దానిని ధరించినవాని హోదా యేమి, అతడు ఏ యే ఓడలలో పనిచేసెను అనునవి వారి ప్రశ్నలు. సమాధానములో కొంత ఉక్కుపైన, కొంత పిడిపైన, మిగిలినది దస్తావేజులలోను ఉండును. ఈ రెండును ఎల్లప్పుడు ఒకే మాట చెప్పవు. చిక్కు అక్కడనే ఉన్నది.

బ్రిటిష్ నౌకాదళములో అధికారులకు ఏకరూపమైన దుస్తులు 1748లోనే నిర్ణయింపబడినవి. కాని ఖడ్గము సంగతి అరువదేండ్లకు కొంచెము తక్కువ కాలము ఎవరును పట్టించుకొనలేదు. ఎవరికి నచ్చిన కత్తిని వారు కట్టుకొనిరి. కొందరు వేటకత్తిని పోలిన పొట్టి వంకర కత్తిని, కొందరు సన్నని తిన్నని కత్తిని కొనుచుండిరి. కొందరు తండ్రి తాతల కత్తినే ధరించిరి. 1797 జూలైలో టెనెరీఫ్ ద్వీపముపై జరిగిన దాడిలో నెల్సన్ చేతిలో ఉన్నది తన మేనమామ కెప్టెన్ మారిస్ సక్లింగ్ కత్తి. నెల్సన్‌ను బాలుడుగా నౌకాదళములో చేర్చినవాడు ఆ మేనమామయే. గుండు తగిలి కుడిచేయి పనికిరాకుండ పోయినప్పుడు నెల్సన్ ఆ కత్తిని క్రింద పడనీయక ఎడమచేతికి మార్చుకొనెనని ప్రసిద్ధి. ఇట్టి కత్తిని చూచి యజమాని హోదాను గాని, కాలమును గాని ఊహించినచో ఒక తరము తప్పిపోవును. వస్తువు వయస్సు వేరు, దానిని ధరించినవాని వయస్సు వేరు.

1805 ఆగస్టు 4వ తేదీన అడ్మిరాల్టీ మొట్టమొదటిసారి ఖడ్గమునకు ఒక మాదిరిని నిర్ణయించెను. సుమారు 32 అంగుళముల తిన్నని అలుగు. గుఱ్ఱపు రికాబును పోలిన చేతికాపు. కమాండరులకును, అంతకు పైవారికిని దంతపు పిడి; దాని కొసను సింహపు తల. లెఫ్టినెంటులకు నల్లని మత్స్యచర్మము చుట్టిన పిడి. మత్స్యచర్మమనగా సొరచేపల, టేకిచేపల గరుకైన తోలు. చేయి చెమర్చినను, సముద్రపు నీరు పడినను పట్టు జారకుండుటకు అది మంచిది.

ఈ తేదీని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ట్రఫాల్గర్ యుద్ధము అదే సంవత్సరము అక్టోబరు 21న జరిగినది. రెండున్నర నెలలు మాత్రమే నడుమ ఉన్నవి. ఓడలు సముద్రముపై కాపలా కాయుచుండగా, ఉత్తర్వు అందరికిని చేరి, లండనులోని కత్తుల వర్తకులు క్రొత్త మాదిరి కత్తులు చేయించి, అవి స్పెయిను తీరమునకు పోవుటకు ఈ వ్యవధి చాలదనియే చెప్పవలెను. కనుక 1805 మాదిరి కత్తిని చూపి ఇది ట్రఫాల్గర్‌లో ఆడిన కత్తి అని ఎవరైన అన్నచో, మొదట అనుమానించుటయే న్యాయము. ఆ యుద్ధమున నెల్సన్ అసలు ఖడ్గమే ధరింపలేదు. అది అతని గదిలో బల్లమీదనే ఉండిపోయెను.

1827లో మాదిరి మారినది. చేతికాపు సగము బుట్టవలె వెడల్పై వ్రేళ్ళను పూర్తిగా కప్పినది. దానిపై కిరీటము, మోకు చుట్టుకొన్న లంగరు చిహ్నము. 1846 నుండి అలుగు కూడ మార్పు పొందెను. గుండ్రని వెన్ను గల పాత అలుగునకు బదులు, విల్కిన్సన్ రూపొందించిన గాడి గల అలుగు వచ్చెను. ఈ 1827 చేతికాపే చిన్న మార్పులతో నేటికిని బ్రిటిష్ నౌకాధికారుల కత్తులపై కనబడుచున్నది. క్రొత్త మాదిరిలో తెల్లని మత్స్యచర్మపు పిడి కమిషన్ పొందిన అధికారులందరిది. నల్లనిది వారంటు అధికారుల వంటి క్రింది హోదాలది. నల్లని పిడి 1805 కత్తిపై ఒక అర్థమును, 1827 కత్తిపై మరియొక అర్థమును ఇచ్చుననుట గమనింపదగినది. రంగు ఒక్కటే చూచి హోదా చెప్పువాడు పొరపడును.

రెండు వందల యేండ్లకు దగ్గరగా ఒకే రూపముండినచో కాలనిర్ణయమెట్లు? ఇందుకు చిన్న చిన్న గుర్తులు సాయపడును. లంగరుపై కిరీటపు ఆకారము విక్టోరియా రాణి కాలమున ఒక తీరు, 1901 తరువాత రాజుల కాలమున ఒక తీరు, రెండవ ఎలిజబెత్ రాణి కాలమున వేరొక తీరు. అలుగు మొదట తయారుచేసినవాని పేరు, చిరునామా చెక్కబడి ఉండును. వర్తకుడు దుకాణము మార్చిన సంవత్సరములు పాత వ్యాపార పట్టికలలో దొరకును. అన్నిటికంటె మేలైన గుర్తు విల్కిన్సన్ కత్తుల వెన్నుపైనున్న అంకె. హెన్రీ విల్కిన్సన్ అలుగును వంచి, బలముగా కొట్టి, తిరిగి నిటారుగా వచ్చినదా యని పరీక్షించిన పిమ్మటనే అమ్ముచుండెను. 1854 నుండి ప్రతి మంచి అలుగునకు వరుస సంఖ్య వేయించి పరీక్షల పుస్తకములో వ్రాయించెను. ఆ పుస్తకములు నిలిచినవి. విల్కిన్సన్ సంస్థ 2005లో కత్తుల తయారీ మానివేసినను, వెన్నుపై అంకెనుబట్టి అలుగు పరీక్షింపబడిన సంవత్సరమును, ఒక్కొక్కప్పుడు కొన్నవాని పేరును కూడ తెలిసికొనవచ్చును.

ఇక రసాయన శాస్త్రము చెప్పు సాక్ష్యము. 1800 ప్రాంతపు మంచి ఖడ్గముల అలుగు పైభాగమున గాఢమైన నీలిరంగు, దానిపై బంగారు లతలు కనబడును. ఆ నీలిమ రంగు పూసినది కాదు. మెరుగుపెట్టిన ఉక్కును వేడిచేసినచో ఉపరితలముపై ఇనుప ఆక్సైడు పలుచని పొరగా ఏర్పడును. సుమారు 230 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉక్కు లేత పసుపుగా, 280 దగ్గర ఊదాగా, 300 దగ్గర నీలముగా కనబడును. పొర పైముఖమునుండి తిరిగివచ్చు కాంతియు, అడుగునుండి తిరిగివచ్చు కాంతియు ఒకదానితో నొకటి కలిసి కొన్ని రంగులను అణచి, కొన్నిటిని నిలుపును. తడిసిన రోడ్డుపై పడిన నూనెచుక్క రంగులీనుటకు కూడ ఇదే కారణము. పాఠశాల ప్రయోగశాలలో మెరుగుపెట్టిన ఉక్కు రేకును మెల్లగా వేడిచేసి ఈ వరుసను విద్యార్థులకు చూపవచ్చును. ఈ పొర మిక్కిలి పలుచనిది. ఎవరైన తరువాతి కాలమున గీత గీచినను, అక్షరము చెక్కినను, నీలిమ తెగి క్రింది ఉక్కు బయటపడును. అప్పుడు పాత లతలకును, క్రొత్త అక్షరములకును గల తేడా భూతద్దముతోనే తెలియును.

పిడిపై బంగారు మొలాము మరియొక సాక్షి. ఆ కాలమున బంగారమును పాదరసములో కలిపి, ఆ ముద్దను ఇత్తడిపై రుద్ది, నిప్పుపై కాచెడివారు. పాదరసము 357 డిగ్రీల వద్ద ఆవిరియై పోగా బంగారము అంటుకొని నిలుచును. ఆ ఆవిరిని పీల్చిన పనివారి చేతులు వణకుట, పండ్లు ఊడుట అందరెరిగినదే. అధికారి నడుము మీద మెరయు పిడికి ఎవరో ఒక పేదవాడు తన ఆరోగ్యమును మూల్యముగా చెల్లించెను. 1840లో ఎల్కింగ్‌టన్‌ల పేటెంటుతో విద్యుత్తుచే బంగారు పూత పూయు పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చి, పాదరసపు పద్ధతి క్రమముగా వెనుకబడెను. పాత మొలాములో పాదరసపు జాడ కొంత మిగిలిపోవును. నేడు ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి, లోహము తిరిగి వెదజల్లు కిరణములను కొలిచి, కత్తిని గీయకుండనే ఆ జాడను కనుగొనవచ్చును. 1805 నాటిదని చెప్పబడు పిడిపై పాదరసపు జాడయే లేనిచో, ఆ పూత 1840 తరువాత పూయబడినదని భావింపవచ్చును. అయితే అంతమాత్రమున కత్తి కూటమని తీర్పు చెప్పరాదు. తాతగారి కత్తికి మనుమడు మెరుగుపెట్టించి యుండవచ్చును.

కొన్ని ఖడ్గములు మాత్రము నిజముగా తామ్రశాసనములవలె మాటలాడును. 1803లో లండనులోని లాయిడ్స్ కాఫీశాల వర్తకులు, నౌకా భీమాదారులు చేరి ఒక దేశభక్త నిధిని స్థాపించిరి. గాయపడిన నావికులకు, చనిపోయినవారి భార్యాబిడ్డలకు సాయము చేయుట దాని మొదటి పని. పరాక్రమము చూపిన అధికారులకు ఖడ్గములిచ్చుట రెండవది. కెప్టెనులకు, కమాండరులకు 100 పౌనుల ఖడ్గము. లెఫ్టినెంటులకు 50 పౌనులది. మిడ్‌షిప్‌మన్‌ల వంటివారికి 30 పౌనులది. వీటిని స్ట్రాండు వీథికి చేరువనున్న రిచర్డ్ టీడ్ అను వర్తకుడు సమకూర్చెను. పిడి కొసను సింహచర్మము, చేతికాపుగా హెర్క్యులీసు గద, నీలపు అలుగుపై బంగారు అక్షరములతో ఎవరికి, ఏ ఓడపై, ఏ తేదీన, ఏ పనికై ఇచ్చిరో వ్రాసి ఉండును. 1809తో ఈ బహుమానములు ఆగిపోయినవి. సామాన్య నావికుడు పోరాడిన పొట్టి కత్తి ఓడ ఆయుధశాలకు చెందినది. యుద్ధము ముగియగానే తిరిగి అప్పగింపవలెను. దానిపై ఏ పేరును లేదు. కనుకనే ఖడ్గముల చరిత్ర అధికారుల చరిత్రగా మాత్రమే మిగిలినది.

ఇట్టి ఖడ్గమును పొందినవారిలో జాన్ రిచర్డ్స్ లాపెనొటియేర్ ఒకడు. 1770లో పుట్టి, పదియేండ్లకే ఓడనెక్కినవాడు. ట్రఫాల్గర్ నాటికి 35 ఏండ్లవాడై ఇంకను లెఫ్టినెంటుగనే ఉండి, పికిల్ అను చిన్న స్కూనరును నడపుచుండెను. అంత చిన్న ఓడకు మహాయుద్ధములో పోరాడు అవకాశము లేదు. మండుచున్న ఫ్రెంచి ఓడ అషీల్ నుండి నీటిలో దూకినవారిని రక్షించుటలో అది పాల్గొనెను. విజయవార్తను, నెల్సన్ మరణవార్తను ఇంగ్లండునకు చేర్చు పని అతనికి దక్కెను. నవంబరు 4న ఫాల్మత్ రేవున దిగి, 271 మైళ్ళ దూరము 21 సార్లు గుఱ్ఱములు మార్చుకొనుచు పయనించి, 6వ తేదీ రాత్రి ఒంటి గంటకు అడ్మిరాల్టీ చేరెను. ప్రయాణపు ఖర్చు 46 పౌనుల 19 షిల్లింగుల 1 పెన్నీ. అది లెఫ్టినెంటుకు సుమారు అరసంవత్సరపు జీతము. అతనికి కమాండరు పదవి, 500 పౌనులు, నిధి నుండి 100 పౌనుల ఖడ్గము లభించెను. ఆ ఖడ్గమును మాత్రమే చూచినచో అతడు యుద్ధములో ఒక గొప్ప ఓడను నడపిన వీరుడని తోచును. దస్తావేజు చూచినచో, ఆ ఒక్క ప్రయాణము పాతికేండ్ల కొలువుకంటె అతనికి ఎక్కువ మేలు చేసెనని తెలియును. 1811లో కెప్టెనాయెను, 1834లో మరణించెను.

తేదీల విషయమై మన తీరమునకు సంబంధించిన ఉదాహరణము ఒకటి కలదు. 1804 సెప్టెంబరులో విశాఖపట్టణము రేవునందు సెంచూరియన్ అను బ్రిటిష్ ఓడ, రెండు వర్తక నౌకలకు కాపలాగా నిలిచి, ఫ్రెంచి అడ్మిరలు లినోయ్ తెచ్చిన మూడు యుద్ధనౌకలతో పోరాడెను. పోరు మొదలైనప్పుడు కెప్టెను జేమ్స్ లిండ్ ఒడ్డుపై ఉండెను. లెఫ్టినెంటు జేమ్స్ రాబర్ట్ ఫిలిప్స్ యుద్ధము నడపుచుండగా లిండ్ పడవపై వచ్చి ఓడనెక్కెను. వర్తక నౌకలలో ఒకటి ఒడ్డునకు కొట్టుకొని పగిలెను; రెండవది ఫ్రెంచివారికి చిక్కెను. ఓడ మాత్రము చిక్కలేదు. 1847లో మంజూరైన నౌకాదళ పతకముపై ఈ యుద్ధమునకు ప్రత్యేకముగా ఒక పట్టీ కలదు; దానిపై తేదీ సెప్టెంబరు 18. చరిత్ర గ్రంథములు కొన్ని ఇది 15వ తేదీన జరిగినదని చెప్పుచున్నవి. లోహముపై ప్రభుత్వమే చెక్కించినంత మాత్రమున తేదీ వివాదమునకు అతీతము కాదని ఇందువలన తెలియుచున్నది.

అయితే కాగితమును పూర్తిగా నమ్మవచ్చునా? నౌకాదళపు కాగితములు సమృద్ధిగా ఉన్నవి. 1677 నుండి లెఫ్టినెంటు కాదలచినవాడు కొన్ని సంవత్సరములు సముద్రముపై పనిచేసి, పరీక్షలో నెగ్గవలెనను నియమముండెను. ఆ పరీక్షా పత్రములు మిగిలినవి. 1814 నుండి ప్రభుత్వము అధికారుల జాబితాను ప్రచురించెను. 1849లో విలియం ఓబర్న్ అప్పటికి జీవించియున్న అధికారుల చరిత్రలను ఒక పెద్ద నిఘంటువుగా వెలువరించెను. లండను చేరువలోని క్యూ జాతీయ పురాభిలేఖాలయములో కొలువు పుస్తకములు కలవు. ఖడ్గముపై పేరున్నచో పరిశోధకుడు మొదట పోవునది వీటి దగ్గరకే. నల్లపిడి 1805 కత్తిపై పేరున్నవాడు 1813లో కమాండరైనట్లు జాబితా చెప్పినచో, ఆ కత్తిని అతడు అంతకు ముందే కొనియుండెనని ఊహింపవచ్చును. 1800లోనే కమాండరైనట్లు తెలిసినచో, కత్తియో పేరో ఏదో ఒకటి అతనిది కాదు.

ఈ కాగితములు కూడ ఎట్లు బొంకునో ప్రోవో వాలిస్ చరిత్ర చూపును. ఇతడు 1791 ఏప్రిలులో నోవా స్కోషియాలోని హాలిఫాక్సులో పుట్టెను. తండ్రి అక్కడి నౌకాశ్రయములో గుమాస్తా. 1795లో, అనగా నాలుగేండ్ల ప్రాయమున, ఇతని పేరు వాజో అను ఓడ పుస్తకములో నావికుడుగా ఎక్కెను. పిల్లవాడు ఇంటనే ఉన్నాడు. కొలువు మాత్రము లెక్కలో పెరుగుచుండెను. లెఫ్టినెంటు పరీక్షకు కావలసిన సముద్రకాలమును ముందుగనే కూడబెట్టుటకు తండ్రులు చేసిన ఏర్పాటిది. నియమవిరుద్ధమైనను సర్వసాధారణము. మన దేశములో బడిలో చేర్పించునప్పుడు పిల్లల వయస్సు తగ్గించి వ్రాయించుట ఎరిగిన ఉపాధ్యాయులకు ఇది వింత కాదు.

1808లో వాలిస్ లెఫ్టినెంటాయెను. 1813 జూన్ 1న అతడు షానన్ అను ఓడలో రెండవ లెఫ్టినెంటు. బోస్టన్ రేవు ఎదుట షానన్‌కును అమెరికా ఓడ చెసపీక్‌కును జరిగిన పోరు పావుగంటకు మించలేదు. షానన్ కెప్టెను ఫిలిప్ బ్రోక్ ఫిరంగులపై గురిచూచు సాధనములను సొంత ఖర్చుతో అమర్చి, డెక్కుపై కోణముల గీతలు గీయించి, నావికులను సంవత్సరముల తరబడి శిక్షణలో ఉంచినవాడు. గెలుపునకు కారణము ఖడ్గముకంటె ఆ గీతలే యని చెప్పవలెను. కాని బ్రోక్ తానే శత్రునౌక పైకెక్కి, తలపై కత్తిదెబ్బ తిని, పుఱ్ఱె చీలి పడిపోయెను. అతడు బ్రతికెను గాని మరల సముద్రముపై కొలువు చేయలేదు. లండను నగరము 100 గినీల ఖడ్గమిచ్చి గౌరవించెను. ఆ ఖడ్గము అతని నావిక జీవితము ముగిసిన పిమ్మట వచ్చినది. ఒక్క దినమైనను యుద్ధము చూడలేదు.

మొదటి లెఫ్టినెంటు చనిపోవుటచే ఓడ 22 ఏండ్ల వాలిస్ చేతికి వచ్చెను. పట్టుబడిన చెసపీక్‌ను వెంటబెట్టుకొని అతడు జూన్ 6న తన పుట్టినఊరు హాలిఫాక్సు చేరెను. ఆ కొద్దిదినముల అధికారము అతని జీవితమును నిర్ణయించినది. అదే సంవత్సరము కమాండరు, 1819లో కెప్టెను. అటుపిమ్మట బ్రిటిష్ నౌకాదళములో పదోన్నతికి ప్రతిభతో పని లేదు; పైవారు చనిపోవుచుండగా పేరు జాబితాలో పైకి జరుగును. ఆయుష్షు ఉన్నవాడు అడ్మిరలగును. వాలిస్ 1851లో రియర్ అడ్మిరలు, 1857లో వైస్ అడ్మిరలు, 1863లో అడ్మిరలు, 1877లో అత్యున్నతమైన ఫ్లీటు అడ్మిరలు ఆయెను. 1870లో వృద్ధులను విరమింపజేయు నియమములు వచ్చినప్పుడు, ఫ్రెంచి యుద్ధముల కాలమున ఓడకు అధిపతిగా నుండిన వారికి మినహాయింపు దొరకెను. షానన్‌ను నడిపిన ఆ కొద్దిదినముల వలన వాలిస్ పూర్తి జీతముతో కొలువులోనే నిలిచెను. తొంబదియేండ్లు దాటిన తరువాత అడ్మిరాల్టీవారు, జాబితాలో ఉన్నచో ఎప్పుడైన సముద్రముపైకి పిలువవలసివచ్చునని సూచింపగా, తాను సిద్ధమేగాని ఆవిరి ఓడల సంగతి తనకు తెలియదని బదులిచ్చెనని ఒక ముచ్చట చెప్పుకొందురు.

1892 ఫిబ్రవరి 13న, నూరేండ్లు నిండిన పిమ్మట, అతడు మరణించెను. పుస్తకముల ప్రకారము కొలువు 96 సంవత్సరములు. ఇందులో మొదటి సంవత్సరములు తండ్రి వ్రాయించినవి. చివరి ముప్పదికి పైగా సంవత్సరములు అతడు ఓడపై అడుగు పెట్టని కాలము, ఏలయన దక్షిణ అమెరికా తూర్పు తీరములో అతని చివరి పదవి 1857 నాటిది. అతని కాలములో అధికారి ఖడ్గము ఎవరికి తోచిన కత్తిగా మొదలై, 1805 రికాబు పిడిగా, 1827 బుట్టపిడిగా, 1846 గాడి అలుగుగా మారిపోయినది. ఇట్టివాని పేరుతో ఒక ఖడ్గము దొరికినచో, పరిశోధకుడు హోదాల జాబితాను ప్రక్కన పెట్టుకొని, మొదట చూడవలసినది పిడి రంగును, లంగరుపై కిరీటమును, అలుగు వెన్నును.